మృదువైన క్యూబా చుట్ట ఎన్నేళ్లు మాగాలి? హోయో ఎపిక్యూర్ 2 గురించి వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హోయో డి మాంటెరే ఎపిక్యూర్ నంబర్ 2, 25 చుట్టల పెట్టె ఒకటి మీ దగ్గరుంది. పెట్టె అడుగున ముద్రను బట్టి చుట్టి ఏడాదిన్నర అయింది. ఒకటి కాలిస్తే మొదటి సగం మీగడలా మెత్తగా ఉంది, చివరి మూడో వంతులో మాత్రం వగరు, గొంతు గీరే కారం. మిగతా 24 పదేళ్లు దాచితే ఆ వగరు పోతుందా, లేక ఉన్న రుచి కూడా పోతుందా అని మీ సందేహం. ఉండేది హైదరాబాదులో.

వగరు పోతుంది. దానికి పదేళ్లు అక్కర్లేదు, ఇంకో ఏడాదిన్నర, రెండేళ్లు చాలు. ఈ రకం చుట్టకు నేనిచ్చే గడువు చుట్టిన తేదీ నుంచి 3 నుంచి 6 ఏళ్లు. 8 దాటాక ప్రతి ఏడాదీ కొంత పోవడమే గాని కొత్తగా వచ్చేది చాలా తక్కువ. పదేళ్లు ఆగితే చాలా పెట్టెల్లో మిగిలేది కాస్త మంచి వాసన ఉన్న వేడి గాలి. "క్యూబా చుట్ట ఎంత పాతదైతే అంత మంచిది" అన్న మాట ఘాటు చుట్టల విషయంలో పుట్టింది. దాన్ని మృదువైన చుట్టకు అన్వయించి ఎంతోమంది మంచి పెట్టెలు పాడుచేసుకుంటున్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కారణం ఆకులోనే ఉంది. క్యూబాలో పడమటి కొసన పినార్ దెల్ రియో, అందులో వుయెల్తా అబాహో నేలల ఆకు ఇది. ఒకే మొక్క మీద కింది వరసల ఆకును వొలాదో అంటారు: పల్చన, రుచి తక్కువ, చక్కగా మండుతుంది. నడిమి ఆకు సెకో, వాసన ప్రధానంగా దీనిదే. మొక్క కొసన పై వరసల ఆకు లిగేరో. ఎండంతా దాని మీదే పడుతుంది గనక మందంగా, జిగటగా ఉంటుంది, నూనె, నికోటిన్ ఎక్కువ, నెమ్మదిగా మండుతుంది. పార్తగాస్, బొలివర్ లాంటి ఘాటు బ్రాండ్లలో లిగేరో వంతు ఎక్కువ. హోయోలో పెత్తనం సెకో, వొలాదోలది. ఈ బ్రాండ్లన్నిటినీ అమ్మే క్యూబా కంపెనీ హబానోస్ తన బ్రాండ్ల ఘాటును 5 మెట్లుగా చెబుతుంది, అందులో హోయో అన్నిటికన్నా తేలిక మెట్టు మీద ఉంటుంది.

మాగడమంటే ఆకులోని నూనెలు, నత్రజని పదార్థాలు, వగరు పదార్థాలు గాలి తగిలి నెమ్మదిగా మారడం. లిగేరో దండిగా ఉన్న చుట్టలో మారడానికి సరుకు చాలా ఉంటుంది, 15, 20 ఏళ్లు మారుతూనే ఉంటుంది. హోయోలో ఆ నిల్వ తక్కువ. తొందరగా పక్వానికొస్తుంది, తొందరగా ఖాళీ అవుతుంది. బియ్యంతో పోలిస్తే సులువుగా అర్థమవుతుంది. కొత్త బియ్యం ముద్దకడతాయి, ఏడాది పాతవైతే పొడిపొడిగా కమ్మగా ఉడుకుతాయి, మరీ నిలవైతే ముక్కిన వాసనొస్తాయి. హోయో బియ్యం లాంటిది. బొలివర్ చింతపండు లాంటిది, ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి పులుపు చిక్కబడుతూ ఉంటుంది.

మీ చుట్ట చివర్లో తగిలిన కారం ఏమిటో చూద్దాం. క్యూబాలో కోసిన ఆకును కొట్టాల్లో దండేల మీద వారాల తరబడి ఆరబెట్టి, తర్వాత కుప్పలు పేర్చి ఊరబెడతారు. కుప్ప లోపల వేడెక్కి అమ్మోనియా బయటికి పోతుంది. రెండోసారి కూడా ఊరబెట్టి, బేళ్లు కట్టి నిలవ చేస్తారు. లిగేరోకు కనీసం 2 ఏళ్లు, మిగతా వాటికి అంతకన్నా తక్కువ. అయితే చుట్టే ముందు ఆకు విరగకుండా మళ్లీ తడిపి మెత్తబరుస్తారు. ఆ తడితో చుట్ట లోపల సన్నగా ఊరడం మళ్లీ మొదలవుతుంది, మళ్లీ కాస్త అమ్మోనియా పుడుతుంది. ఫ్యాక్టరీలో చల్లని గదిలో కొన్నాళ్లు ఆరబెట్టినా అదంతా పోదు. పెట్టెలో చుట్టలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి కాబట్టి నెలల తరబడి అలాగే నిలబడిపోతుంది.

ఇది పట్టుకోవడం కష్టం కాదు. మూత తీసి పెట్టె మొత్తాన్ని వాసన చూస్తే సీడర్ చెక్కే ముక్కుకు తగులుతుంది. ఒక్క చుట్టను బయటికి తీసి, అంటించే కొసను ముక్కుకు ఆనించి పీల్చండి. పశువుల కొట్టం వాసనో, జుట్టుకు వేసే రంగు కలిపిన గిన్నె వాసనో వస్తే ఇంకా అమ్మోనియా ఉందన్నమాట. ఎండుగడ్డి, తేనె, వేయించిన పప్పు వాసన వస్తే అది సద్దుమణిగింది. పక్కలను కాదు, కొసనే చూడాలి. చుట్టకు బయట పొరగా చుట్టిన పై ఆకు త్వరగా ఆరిపోయి మంచి వాసనే ఇస్తుంది, లోపలి సంగతి చెప్పేది కొసే.

అమ్మోనియాతో ఇంకో చిక్కుంది. చుట్ట పొగ స్వతహాగా క్షార గుణం కలది. అమ్మోనియా ఆ గుణాన్ని ఇంకా పెంచుతుంది, దాంతో నికోటిన్ గొంతుకు సూటిగా పట్టే రూపంలోకి వస్తుంది. కాలేకొద్దీ వేడి, తడి, జిగురు వెనక్కి చేరతాయి గనక చివరి మూడో వంతులో ఇదంతా ఒక్కసారిగా తగులుతుంది. మీకు జరిగింది ఇదే. రెండు మూడేళ్లకు "ఘాటు తగ్గింది" అనిపించడానికి కారణం నికోటిన్ పోవడం కాదు, చాలావరకు అమ్మోనియా పోవడమే. నికోటిన్ తగ్గేది చాలా నెమ్మదిగా, కొద్దిగా మాత్రమే. మాగిన చుట్ట మెత్తగా ఉంది కదా అని ఒంటికి తక్కువ చెరుపు చేస్తుందనుకోకండి. పొగాకు పొగ పాతదైనా పొగాకు పొగే, హానిలో రాయితీ ఏమీ లేదు.

ఏడాది ఏడాదికి రుచి ఎలా నడుస్తుందో చెబుతాను. 124 మిల్లీమీటర్ల పొడవు, 50 గేజి లావు (ఒక గేజి అంటే అంగుళంలో 64వ వంతు) ఉన్న మీ ఎపిక్యూర్ 2 లెక్కలోనే చెబుతున్నాను.

చుట్టిన కొత్తల్లో, మొదటి నెలా నెలన్నర, ఒక వింత తాజాదనం ఉంటుంది. పచ్చి ఆకు, మిరియం, పాలు. తర్వాత మొదటి ఏడాదంతా నిలకడ ఉండదు. ఒకటి బాగుంటుంది, పక్కదే చేదుగా ఉంటుంది. దీన్ని పాతకాలం వ్యాపారులు ఎప్పుడో గుర్తించారు. రఫేల్ గొంజాలెజ్ అనే మరో మృదువైన క్యూబా బ్రాండు పెట్టె మీదే ఒక సూచన ముద్రించి ఉండేది: హవానా నుంచి ఓడెక్కిన నెలలోపు కాల్చండి, లేదా జాగ్రత్తగా ఏడాది మాగబెట్టి కాల్చండి అని. మధ్యలో వద్దని అర్థం. మృదువైన చుట్టకు మాగబెట్టే కాలంగా వాళ్లు చెప్పింది ఏడాది, పదేళ్లు కాదు. అది గమనించండి.

ఏడాది నుంచి 2 ఏళ్ల వరకు మీరిప్పుడున్న దశ. మీగడ వచ్చేసింది, తేనె ఇంకా రాలేదు. నోరు పట్టేసినట్టుండే వగరు, సగం పండిన జామకాయ కొరికినట్టు, చిగుళ్ల మీద ఉంటుంది. ఆ వగరు ఆకులోని పాలిఫినాల్స్‌ది. అవి గాలితో కలిసి పెద్ద అణువులుగా మారేకొద్దీ నాలుకను పట్టుకోవడం మానేస్తాయి.

3 ఏళ్ల నుంచి అసలు మజా. మొదటి మూడో వంతులో మిరియపు చురుకు తగ్గి వేయించిన బాదం, వెన్న, ఎండుగడ్డి ముందుకొస్తాయి. నడుమన తేనె, సీడర్, లేత టీ డికాక్షన్. చివర్లో మునుపు కారం ఉన్నచోట కాల్చిన రొట్టె, కాస్త తోలు వాసన. ఈ తీపి చక్కెరది కాదు. నీడలో ఆరబెట్టిన చుట్టాకులో చక్కెరలు ఆరేటప్పుడే దాదాపు ఖర్చైపోతాయి. ఆకుకు పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు విరిగి, పూలు, తేనె, ఎండు పండ్ల వాసనలిచ్చే పదార్థాలు పుడతాయి. వగరు, అమ్మోనియా అడ్డు తొలగాక ఆ వాసనలు ముక్కుకు తీపిగా అందుతాయి. అంటే సగం రుచి కొత్తగా పుట్టినది, సగం ముందే ఉండి ఇప్పుడు పైకి తేలినది.

5, 6 ఏళ్లకు రుచులు విడివిడిగా తెలియడం తగ్గి, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. దీన్ని ఇష్టపడేవాళ్లు చాలామంది ఉన్నారు. కంపెనీ 2015లో అన్యెహాదోస్ పేరుతో హోయో డి మాంటెరే హెర్మోసోస్ నంబర్ 4 విడుదల చేసింది. చుట్టి పెట్టెలో పెట్టాక క్యూబాలోనే 5 నుంచి 8 ఏళ్లు మాగబెట్టి అమ్మే వరస అది. వాళ్లు ఎంచుకున్న గడువు కూడా 8 దగ్గర ఆగింది.

7, 8 ఏళ్ల తర్వాత ముందుగా పోయేది మిరియం, ఆ వెంటనే పప్పు రుచి. మీగడ ఉంటుంది గాని వెనక ఆధారం ఉండదు. మొదటి అంగుళం బాగుండి, తర్వాత ఒకే రుచి చివరిదాకా సాగుతుంది. పదేళ్లు దాటాక టీ ఆకు, ఎండిన పూలు, పాత చెక్క. 50 చుట్టలు పట్టుదారంతో కట్టగా కట్టి, జరుపుమూత చెక్కపెట్టెలో వచ్చిన సరుకును చల్లగా కదపకుండా ఉంచితే పదిహేనేళ్లకూ బాగున్నవి ఉంటాయి. అలాంటి కట్టలో చుట్టలు ఎక్కువ, మధ్యలో గాలి తక్కువ, అందుకే నెమ్మదిగా మాగుతాయి. మూడేసి అట్టపెట్టెల్లో వచ్చే అల్యూమినియం గొట్టాల సరుకు మీద అంత ఆశ పెట్టుకోవద్దు. గొట్టంలో చుట్ట ఒంటరిగా ఉంటుంది, మూత బిగువు ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుంది, ఒకే అట్టలో మూడు మూడు రకాలుగా తయారవుతాయి.

పై ఆకు రంగు కూడా చూడండి. ఒకే పేరు మీద వచ్చిన రెండు పెట్టెల్లో ఒకటి లేత గోధుమ రంగులో, ఇంకోటి ఎరుపు తిరిగిన గోధుమ రంగులో, నూనె మెరుపుతో ఉంటే, దాచాల్సింది రెండోది. లేత రంగుది ముందు కాల్చేయండి.

ఇక దాచడం. రుచి మీద వయసు ప్రభావం ఎంతో, దాచిన తీరు ప్రభావమూ అంతే. 65 శాతం తేమ, 16 నుంచి 18 డిగ్రీలు నా లెక్క. పాత పుస్తకాల్లో కనిపించే 70 శాతం మృదువైన క్యూబా చుట్టకు ఎక్కువ. ఆ తేమలో లోపలి ఆకు ఉబ్బి లాగుడు బిగుసుకుంటుంది, మంట పక్కకు పోతుంది, ఉన్న సున్నితమైన వాసన ఆవిరి కింద అణిగిపోతుంది. ఎక్కువ ఏళ్లు ఉంచదలిస్తే 62కి దించండి, ఇంకా నెమ్మదిస్తుంది. 58 కిందికి మాత్రం పోనివ్వకండి. ఆకు ఎండి నూనెలు పోతే, తర్వాత తేమ పట్టించినా ఆకు మెత్తబడుతుంది గాని రుచి తిరిగిరాదు.

హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో 35 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది. జూలై వచ్చేసరికి అంతా తడి. విశాఖ, కాకినాడ వైపు ఏడాది పొడవునా తేమే. కాబట్టి అందమైన చెక్క హ్యూమిడార్, అంటే చుట్టలకు తేమ నిలిపే పెట్టె, బల్ల మీద పెట్టి మురిసిపోతే ఒక్క వేసవికే పెట్టె దెబ్బతింటుంది. వైన్ ఫ్రిజ్ చిన్నది ఒకటి కొనండి. కొనేముందు అందులో కంప్రెసర్ ఉందో లేదో అడగండి. కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ రకం గది వేడికన్నా కొన్ని డిగ్రీలే దించగలదు, మే నెలలో చేతులెత్తేస్తుంది. కంప్రెసర్ రకం లోపలి గాలిని పొడి చేస్తుంది, నిజమే. అందుకే పెట్టెను నేరుగా అరలో పెట్టకుండా, రబ్బరు అంచు బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టాలి. డబ్బాను ముందు ఉత్త నీళ్లతో కడిగి, మూత తీసి రెండు రోజులు ఎండలో ఉంచండి. ప్లాస్టిక్ వాసన కొంచెం మిగిలినా హోయో దాన్ని పీల్చేస్తుంది. వంటింటి ఫ్రిజ్ పనికిరాదు, అందులో చలి ఎక్కువ, పైగా నిన్నటి పులుసు వాసన.

తేమకు బోవెడా 65 ప్యాకెట్లు, డబ్బాలో తేమను 65 శాతం దగ్గర నిలిపే చిన్న సంచులు, వాడండి. 60 గ్రాములది 25 చుట్టలకు ఒకటి లెక్క, డబ్బాలో ఖాళీ ఎక్కువుంటే రెండు. ప్యాకెట్ చుట్టలను తాకకూడదు, పెట్టె బయట, డబ్బా లోపల ఉండాలి. నొక్కితే లోపల గట్టిగా గడ్డలు తగిలినప్పుడు మార్చేయాలి. తేమ మీటరును నమ్మే ముందు ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే కొన్ని చుక్కల నీళ్లు వేయండి. దాన్ని, మీటరును ఒకే జిప్ కవర్లో పెట్టి గాలి చొరకుండా మూసి, 24 గంటలాగండి. 75 చూపాలి. 71 చూపితే మీ మీటరు 4 తక్కువ చెబుతోందన్నమాట, ఇకపై దానికి 4 కలుపుకోండి. ఉప్పు కరిగిపోయేంత నీళ్లు పోస్తే పరీక్ష చెడినట్టే.

తేమ నిజంగా కుదిరిందా అని తెలుసుకోవడానికి మీటరు కన్నా నమ్మకమైనది నగల తూకపు మిషన్, గ్రాములో నూరో వంతు చూపేది. ఒక చుట్టకు గుర్తు పెట్టుకుని వారానికోసారి తూచి రాసుకోండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే లోపలి ఆకు కూడా కుదురుకుంది. 50 గేజి చుట్టలో పై ఆకు కుదిరినా లోపలి ఆకు కుదరడానికి నెలకు పైనే పడుతుంది. కొరియర్లో వచ్చిన వారానికే కాల్చి "ఈ పెట్టె బాగాలేదు" అనేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలా నిరాశలు తప్పుతాయి.

పురుగు సంగతి తప్పకుండా చూసుకోండి. చుట్టల్లో పడే పురుగు మన ఇళ్లలో పసుపు కొమ్ములు, ధనియాలు, ఎండుమిర్చిలో పడే చిన్న గోధుమరంగు పురుగే. శాస్త్రీయ నామం లాసియోడెర్మా సెర్రికార్న్. గుండుసూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం, పెట్టె అడుగున సన్నటి గోధుమ పొడి కనిపిస్తే అదే. 18 డిగ్రీల దగ్గర గుడ్లు ఎదగవు, మన వేసవి వేడిలో మాత్రం కొన్ని వారాల్లో పెట్టె మొత్తం పాకిపోతుంది. క్యూబాలో ఎగుమతికి ముందు సరుకును గడ్డకట్టిస్తున్నా, దారిలో, దుకాణంలో పట్టే అవకాశం ఉంది. అనుమానముంటే పెట్టెను రెండు జిప్ కవర్లలో గాలి తీసి మూసి, మామూలు ఫ్రిజ్ అరలో ఒక రోజు, డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 దగ్గర వారం, మళ్లీ ఫ్రిజ్ అరలో ఒక రోజు, ఆ తర్వాత గదిలో ఒక రోజు ఉంచి అప్పుడు కవర్ విప్పండి. ఫ్రీజర్లోంచి తీసి నేరుగా గదిలో పెడితే పై ఆకు చీలుతుంది. కవర్ తొందరపడి విప్పితే నీరు పట్టి మరకలు పడతాయి. పురుగు లేదని తెలిస్తే ఇవేమీ అక్కర్లేదు.

వాసనల విషయంలో మృదువైన చుట్ట పసిపిల్ల లాంటిది, ఏది దగ్గరుంటే అది అంటుకుంటుంది. బీరువాలో కలరా ఉండలు, దేవుడి గదిలో అగరొత్తులు, కర్పూరం, మసాలా డబ్బాలు, ఇవేవీ దరిదాపుల్లో ఉండకూడదు. రుచులు అద్దిన చుట్టలు, వెనిలా, రమ్ము రకాలు, అదే డబ్బాలో పెడితే నెల రోజుల్లో మీ హోయో వాటి పాలవుతుంది. ఘాటు క్యూబా చుట్టలు కూడా వేరుగానే ఉంచండి. స్పానిష్ సీడర్ పెట్టె మంచిదే. అది నిజానికి సీడర్ కాదు, మన వేప కుటుంబపు చెట్టు. కొత్త హ్యూమిడార్ నిండా ఘాటైన కొత్త సీడర్ ఉంటే మాత్రం, రెండు మూడేళ్లలో తేనె, బాదం మాయమై చెక్క ఒక్కటే మిగులుతుంది. కాబట్టి విడి చుట్టలుగా హ్యూమిడార్లో పరచకండి, వచ్చిన పెట్టెలోనే ఉంచండి.

పెట్టెను ఎన్నిసార్లు తెరవాలి? అమ్మోనియా ఉన్నన్నాళ్లు, అంటే మీకు ఇంకో ఆరు నెలలు, నెలకోసారి మూత తీసి అయిదు నిమిషాలుంచి మూయండి. కొస వాసన శుభ్రపడ్డాక ఆ పని మానేయండి. అప్పట్నుంచి బయటికి పోయేది మీకు కావలసిన వాసనే. మూడు నెలలకోసారి డబ్బా తీసి మీటరు, ప్యాకెట్ చూసుకుంటే సరిపోతుంది.

పై ఆకు మీద తెల్లటి పొడి కనిపిస్తే, అది "నూనె పువ్వు", బాగా మాగిందనడానికి గుర్తు అని దుకాణాల్లో చెబుతారు. నమ్మకండి. దాదాపు ప్రతిసారీ అది బూజే. చుక్కలుగా, వెంట్రుకల్లా ఉన్నా, నీలం, ఆకుపచ్చ ఛాయ ఉన్నా సందేహమే లేదు. పై ఆకు మీద మాత్రమే ఉంటే మెత్తటి కుంచెతో తుడిచి, తేమ 62కి దించండి. అంటించే కొస లోపల ఉంటే ఆ చుట్ట పారేయండి.

మిగిలిన 24 చుట్టలకు నేనైతే ఇలా లెక్క వేస్తాను. ఆరు నెలల తర్వాత ఒకటి, ఏడాదికి ఒకటి. చుట్టిన తేదీకి మూడేళ్లు నిండినప్పుడు రెండు, వారం తేడాతో. ఒక్కదాన్ని బట్టి పెట్టెకు తీర్పు చెప్పలేం, చేతితో చుట్టిన సరుకు గనక పక్కపక్కవే వేరుగా ఉంటాయి. ఆ రెండింట్లో వగరు పోయి తేనె తగిలితే తలుపు తెరుచుకున్నట్టే. అక్కణ్నుంచి ఏడాదికి అయిదారు చొప్పున ఆరో ఏటికి 16 దాకా అయిపోతాయి. మిగిలిన నాలుగూ 8వ ఏటి వరకు ఉంచి చూడండి, మీ నాలుకకు పాత రుచి నచ్చుతుందో లేదో తెలుస్తుంది. ప్రతిసారీ మూడు మాటలు రాసుకోండి: మొదటి వంతు, నడుము, చివరి వంతు. నాలుగేళ్ల కిందటి రుచి జ్ఞాపకం మీద ఎవరికీ పట్టుండదు.

తేదీ చదవడం సులువు. పెట్టె అడుగున సిరాతో కొట్టిన ముద్రలో మూడక్షరాల స్పానిష్ నెల, పక్కన ఏడాది ఉంటాయి. ఎనే జనవరి, అబ్ర్ ఏప్రిల్, ఆగో ఆగస్టు, దిక్ డిసెంబరు. మిగతావి ఊహించవచ్చు. ఆ తేదీ పెట్టెలో పెట్టిన నాటిది, ఇక్కడ చుట్టిన తేదీ అన్నది దాన్నే. అదే పేరుతో హోండురాస్‌లో తయారయ్యే హోయో డి మాంటెరే కూడా ఉంది. అది వేరే కంపెనీది, వేరే ఆకు, ఇక్కడ చెప్పిన లెక్కలు దానికి వర్తించవు. విదేశాల నుంచి వచ్చేటప్పుడు మన కస్టమ్స్ సుంకం లేకుండా ఒకరికి 25 చుట్టల వరకు అనుమతిస్తుంది, సరిగ్గా ఒక పెట్టె. అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకుందామనుకుంటే కుదరదు. క్యూబా పొగాకును ప్రయాణికులు వెంట తెచ్చుకోవడానికి అక్కడున్న అనుమతిని 2020 సెప్టెంబరులో తీసేశారు.

మాగిన హోయోను కాల్చే తీరు కూడా వేరు. ముందు రెండు రోజులు ఖాళీ సీడర్ పెట్టెలో, 60 శాతం దగ్గర విడిగా ఉంచండి. తల భాగాన్ని పెదవులతో కాస్త తడిపి, ఒకటిన్నర మిల్లీమీటర్లకు మించకుండా కోయండి. పాత పై ఆకు పెళుసు, లోతుగా కోస్తే పొర విడిపోతుంది. జెట్ లైటర్ మంటను నేరుగా కొసకు తాకించవద్దు, అంగుళం దూరంలో తిప్పుతూ అంచు అంటుకోనివ్వండి. నిమిషానికి ఒక్క పీల్పు చాలు. అంతకన్నా వేగంగా లాగితే మండే కొస వేడెక్కి, అయిదేళ్లు ఆగి సంపాదించిన తేనె రుచి మాడు వాసన కింద పోతుంది. పక్కన మంచినీళ్లో, పాలు లేని లేత టీయో పెట్టుకోండి. ఫిల్టర్ కాఫీ, విస్కీ ఈ చుట్టను మింగేస్తాయి, వాటిని ఘాటు చుట్టలకు వదిలేయండి. భోజనంలో ఆవకాయ తిని ఉంటే ఆ పూట కాల్చకండి. నాలుక మీద కారం పోయేసరికి ఎపిక్యూర్ సగం అయిపోతుంది.

ఏదో ఒక ఏడు మీ పెట్టె శిఖరం దాటుతుంది. గుర్తులు ఇవీ: అంటించని చుట్ట కొసను పీలిస్తే తేనెకు బదులు ఎండిన అట్ట వాసన, మొదటి అంగుళం తర్వాత రుచి మారకపోవడం, పొగ నోట్లో నిలవకుండా పల్చగా జారిపోవడం, ముక్కులోంచి వదిలితే ఏమీ చురుక్కుమనకపోవడం. రెండు చుట్టల్లో వరసగా ఇవే కనిపిస్తే తేమ పెంచి బతికించాలని చూడకండి. 70కి పెంచితే పుల్లటి ఆవిరి కలుస్తుంది, అంతే. మిగిలినవాటిని ఆరు నెలల్లో, పొద్దున పూట, అల్పాహారానికి ముందు కాల్చేయండి. నాలుక శుభ్రంగా ఉన్న ఆ వేళలో పాత హోయోలో మిగిలిన టీ ఆకు, పూల వాసన ఇంకా దొరుకుతాయి.